కవిలెకట్ట నుండి కంప్యూటరు వఱకు
(సంజామల గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. అట్టిచోట లెక్కలను గూర్చిన ప్రసంగ మేల యని కొందఱకు తోపవచ్చును. విచారించి చూచినచో పల్లెటూరి మొట్టమొదటి గ్రంథము లెక్కల పుస్తకమే. రామాయణము లేని యిండ్లుండవచ్చును గాని కవిలెకట్ట లేని గ్రామము లేకుండెను. ఆ గ్రంథము కాలక్రమమున తాటియాకు నుండి కాగితమునకును, కాగితము నుండి కంప్యూటరునకును చేరినది. వ్రాసెడి చేయి మాఱినది. వ్రాయవలసిన నిజము మాఱినదా? యంత్రమునకు అప్పగింపదగిన పని యేది, మనుష్యుడు తనయొద్దనే యుంచుకొనవలసిన పని యేది? తరతరములుగా చేతివ్రాతతో నడచిన కచేరీలో నడివయస్సు దాటినవాడు ఈ విద్యను నేర్చుట యెట్లు? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయము.

గ్రామ లెక్కలు మిక్కిలి ప్రాచీనమైనవి. మైసూరులో దొరకిన తాళపత్ర ప్రతిని పరిష్కరించి ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున 'అక్షపటలము' అను లెక్కల కచేరీకి ప్రత్యేకముగా ఒక ప్రకరణము గలదు. అయిదు గ్రామములకో పది గ్రామములకో గోపుడను ఉద్యోగి యుండవలెను. సరిహద్దులు, దున్నిన నేల, దున్నని నేల, మెట్ట, తోటలు, దేవాలయములు, క్రయవిక్రయములు, ఇండ్ల సంఖ్య, పన్ను కట్టువారెవరు, కట్టనివారెవరు అను వివరములన్నియు అతడు వ్రాసి యుంచవలెను. లెక్కల సంవత్సరమునకు 354 దినములనియు, అది ఆషాఢ పూర్ణిమతో ముగియుననియు అందు చెప్పబడినది. తరువాతి కాలమున మన గ్రామ లెక్కల ఫసలీ సంవత్సరము జులై 1న ఆరంభమగుట ఈ ఆషాఢపు లెక్కకు ఎంత చేరువగా నున్నదో గమనింపదగును. దొరతనములు మాఱినను వాన మాఱదు; సేద్యపు సంవత్సరము వానను బట్టియే నడచును గదా! ఉద్యోగులు ధనమపహరించు మార్గములు నలువది గలవని ఆ శాస్త్రకారుడే లెక్కించినాడు. నీటిలోని చేప ఎప్పుడు నీరు త్రాగినదో తెలియనట్లే పనిలోనున్న ఉద్యోగి యెప్పుడు ధనము మ్రింగినాడో తెలియదని కూడ నుడివినాడు. లెక్కల విద్యయు, లెక్కలపై అనుమానమును కవల పిల్లలని దీనివలన తేలుచున్నది.

ఈ కోయిలకుంట్ల సీమ 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి విడిచిన దత్తమండలములలోనిది. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో పొలము పొలమును కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టించు రైత్వారీ పద్ధతిని ఇచ్చట నాటినాడు. అతడు మదరాసు గవర్నరై యుండి 1827లో పత్తికొండలో మృతినొందెను. రైత్వారీ పద్ధతికి ప్రాణము కొలత. కొలతకు ప్రాణము కరణము వ్రాసిన పద్దు. పద్దులోని ఒక వరుస మనుష్యుని బ్రతుకులో ఎంతటిదో ఈ ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. నొస్సం పాళెగారి కుటుంబపు తవర్జీ కంపెనీలో కలిసిపోవుటయు, అందు భాగము తనకు దక్కకపోవుటయు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడుటకు గల కారణములలో ఒకటి. కోయిలకుంట్ల ఖజానాపై పడిన ఆ వీరుని 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉరితీసిరి. కొట్టివేయబడిన పద్దు కాగితముపై గీతయే. ఆ గీత క్రింద మనుష్యులుందురు.

ఇక కరణము పని యెట్లు నడచెడిదో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన, యంత్రమునకు నేర్పవలసినది ఆ నడకయే. మొదట తాటియాకు కవిలె, మసిపూసిన గుడ్డ మడతలపై బలపముతో వ్రాసెడి కడితము ఉండెను. తరువాత కాగితపు దస్త్రము వచ్చెను. అడంగలులో ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక్కొక్క వరుస. విస్తీర్ణము ఎంత, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, నీటి ఆధారమేమి, ఏ పంట వేసిరి, ఎన్ని ఎకరముల ఎన్ని సెంట్లు సాగయినది అని అందు వ్రాయవలెను. అడంగలు నేలను బట్టి వ్రాసిన లెక్క. దానినే మనుష్యుని బట్టి తిరుగవేసిన లెక్క 10(1). ఒకే రైతునకు ఊరి నాలుగు దిక్కుల నున్న చేలు అందు ఒక్కచోట చేరును. నేల వారీ మొత్తమును, మనుష్యుల వారీ మొత్తమును ఒకటి కావలెను. సెంటు తేడా వచ్చినను కరణము దీపము పెట్టుకొని వెదకవలసినదే. పైరుండగా పై అధికారి పొలము తిరిగి అజమాయిషీ చేయును. ఫసలీ చివర జమాబందీలో లెక్క మొత్తము పరిశీలింపబడును.

దీనిని శ్రద్ధగా చూచినచో ఒక విశేషము బోధపడును. ఒకసారి పొలము గట్టున వ్రాసిన వివరమునుండి తక్కిన లెక్కలన్నియు నియమము ప్రకారము పుట్టుచున్నవి. నియమము ప్రకారము పుట్టునది యేదైనను యంత్రము చేయగలదు. కావున మంచి కరణము యంత్రము రాకముందే యంత్రపు పద్ధతిని ఎఱిగినవాడు. కొలత గొలుసును చూడుడు. ఆంగ్లేయుడైన ఎడ్మండ్ గుంటరు 17వ శతాబ్దిలో ఏర్పరచిన 66 అడుగుల గొలుసునకు 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరమునకు 100 సెంట్లు. అంతయు పదుల లెక్క. తెలుగున పావులూరి మల్లన గణిత గ్రంథమును పద్యములలో రచించిననాడే లెక్కకు నియమము, నియమమునకు స్మృతి అను మార్గము మనకు ఏర్పడియున్నది.

అంతమాత్రమున పాతకాలమంతయు బంగారమని చెప్పరాదు. దస్త్రము కరణము ఇంటి పెట్టెలో నుండెను. రైతునకు తన చేని లెక్క తెలియవలెనన్న కరణము అరుగు చెంత నిలువవలెను. కరణమును గూర్చి సుమతీ శతకకారుడు పలికిన కఠినోక్తులు ఊరక పుట్టినవి కావు. చదువు రానివానికి తన భూమి తన కంటి యెదుట నున్నను దాని యక్షరము పరుల చేతిలో నుండెను. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము వంశపారంపర్యమైన గ్రామోద్యోగములను రద్దుచేసెను. ఆ చర్యను సుప్రీముకోర్టు 1985లో సమర్థించెను. అదే 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. అన్యాయమైన అధికారము పోయినందులకు విచారింపనక్కఱలేదు. అయితే అధికారముతోపాటు ఒక జ్ఞానము కూడ గడప దాటిపోయినది. ఏ రాయి పూర్వము ఎచ్చట నుండెను, ఏ అన్నదమ్ములు ఏ యేట నోటిమాటగా పంచుకొనిరి, ఒకే పేరుగల ఇరువురిలో ఎవరు ఎవరు అను సంగతులు పుస్తకములో సగమును, కరణము తలలో సగమును ఉండెను. పుస్తకము చేతులు మాఱినది; తలలోనిది వ్రాతకెక్కకయే పోయినది. ఏ కచేరీలోనైనను యంత్రమును ప్రవేశపెట్టువారు నేర్వవలసిన మొదటి పాఠమిది. మనుష్యుని తీసివేయుటకు ముందు అతనికి తెలిసినదానిని అడిగి వ్రాసికొనవలెను.

భూమి లెక్కలను కంప్యూటరునకు ఎక్కించు ప్రయత్నమునకు కేంద్ర ప్రభుత్వము 1988-89లో ఎనిమిది జిల్లాలను ప్రయోగార్థము ఎన్నుకొనెను. వానిలో రంగారెడ్డి జిల్లా ఒకటి. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశమున 214 సబ్ రిజిస్ట్రారు కచేరీలలో 'కార్డ్' అను పథకము ప్రారంభమైనది. దస్తావేజును గుమస్తా పెద్ద పుస్తకములలో చేతితో తిరుగవ్రాయుట అంతకుముందటి పద్ధతి. ఇన్‌కంబరెన్సు పత్రమునకు సూచికలు వెదకుటలోనే దినములు గడచెడివి. ఆ పని నిమిషములకు వచ్చినది. పొరుగున కర్ణాటకమున 'భూమి' అను పథకము 2001 నాటికి 177 తాలూకాలకు వ్యాపించెను. సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతివ్రాతలోనున్న సుమారు 2 కోట్ల పత్రములు యంత్రమునకు ఎక్కెను. 15 రూపాయలకు రైతు తన పత్రము పొందగలిగెను. అచ్చటివారు చేసిన తెలివైన పనులు రెండు. ఎక్కించినదానిని అచ్చు తీసి, ఆ వ్రాత వ్రాసిన లెక్కాధికారుల చేతనే సరిచూపించి దిద్దించిరి. పేరు మార్పు కొఱకు వచ్చిన దరఖాస్తులను వచ్చిన వరుసనే పరిష్కరింపవలెనని యంత్రములోనే కట్టడి చేసిరి. వెనుక వచ్చినవాడు ముందు పోవుటకు వీలు లేకపోయెను. మొదటిది పాత ఉద్యోగి విద్యకు గౌరవము. రెండవది అతని పక్షపాతమునకు కళ్లెము. ఈ రెండును కలిసినపుడే యంత్రము వలన మేలు కలుగును.

మన రాష్ట్రమున 2011లో 'మీ సేవ', 2015లో 'మీ భూమి', 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చెను. 2016లో నంద్యాల-ఎఱ్ఱగుంట్ల రైలుమార్గము పూర్తియై సంజామలకు రైలు వచ్చినది. 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా ఏర్పడినది. కర్నూలు పోవలసిన పనులు దగ్గఱైనవి. ఆ దగ్గఱ పనులలో పెక్కు చేతిలోని ఫోనులోనికే వచ్చినవి. తెలంగాణమున 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దుచేసి, అదే సంవత్సరము అక్టోబరు 29న 'ధరణి'ని ప్రారంభించిరి. తప్పు పడినచోట దిద్దించుకొను త్రోవ ఇఱుకైనదను ఫిర్యాదులు పెరిగెను. 2025లో 'భూభారతి' అను కొత్త చట్టము వచ్చి అప్పీళ్లకు చోటు కల్పించినది. ఏ రాజకీయ పక్షమునకును చెందని నీతి ఇందు గలదు. లెక్క వ్రాయుటకు ఎంత వెడల్పు ద్వారము పెట్టితిమో, దిద్దుటకును అంత వెడల్పు ద్వారము పెట్టవలెను.

ఇక నేర్చుకొను పద్ధతిని గూర్చి. ఏబది యేండ్లు దాటిన గుమస్తా కంప్యూటరు ఎదుట కూర్చుండి మీటలు నేర్చుటతో ఆరంభించును. ఇది తలక్రిందుల పద్ధతి. మీటలు పదిదినములలో వచ్చును. అతడు మొట్టమొదట చేయవలసినది తన పనిని తానే ఒక కాగితముపై వ్రాసికొనుట. ఏ కాగితము ఎవరినుండి వచ్చును? దానిలోని ఏ వివరము ఏ పుస్తకమునకు ఎక్కును? అదే వివరము మరల ఎన్ని పుస్తకములకు ఎక్కుచున్నది? సంతకము ఎచ్చట పడును, ఆ సంతకము చేయువాడు ఏమి చూచి చేయును? ఇట్లు వ్రాసి చూచినచో ఒకే పేరును ఆఱు పుస్తకములలో వ్రాయుచున్నట్లు బయటపడును. ఎవరును చదువని పుస్తకమొకటి ఇరువది యేండ్లుగా నింపబడుచున్నట్లు కూడ తేలవచ్చును. చిక్కుపడిన పనిని యంత్రమున పెట్టినచో చిక్కు వేగముగా పెరుగును గాని విడిపోదు. ముందు చిక్కు తీసి, తరువాత యంత్రమును పిలువవలెను.

రెండవది, యంత్రమునకు కన్ను లేదని తెలిసికొనుట. 'వెంకటరెడ్డి' అనియు 'వెంకట రెడ్డి' అనియు వ్రాసినచో మనుష్యునికి ఒక్కడే. నడుమ ఖాళీ యున్నందున యంత్రమునకు ఇరువురు. ఒకే ఊర ఒకే పేరుగలవారు నలుగురున్నచో తండ్రి పేరు, ఖాతా నంబరు లేనిదే యంత్రము వారిని విడదీయలేదు. విస్తీర్ణము సంగతి మఱింత సున్నితము. రెండెకరముల అయిదు సెంట్లను 2.05 అని వ్రాయవలెను. తొందరలో 2.5 అని వ్రాసినచో అది రెండెకరముల ఏబది సెంట్లగును. ఒక్క సున్న లేకపోవుటచే 45 సెంట్ల నేల పుట్టును. ఒకనికి పుట్టిన నేల మఱియొకని చేనిలోనిదే యగును గదా! తెలంగాణపు లెక్కలో ఎకరమునకు 40 గుంటలు. అచ్చట 2 ఎకరముల 20 గుంటలనగా రెండున్నర యెకరములు. అంకెలు ఒకటే, ప్రమాణములు వేఱు. పంటి క్రింద రాయివలె ఇట్టివి వేగముగా పోవువానికే తగులును.

గళ్ల పట్టికలో సర్వే నంబరు 5/2 అని కొట్టి చూడుడు. యంత్రము దానిని తేదీగా భావించి ఫిబ్రవరి 5 అనియో మే 2 అనియో మార్చివేయును. చేను పోయి తేదీ మిగులును. ఆ గడిని అక్షరముల గడిగా ముందే నిర్దేశించినచో ఈ బాధ లేదు. అప్పుడు మఱియొక వింత. వరుసగా పేర్చుమన్నచో 112/2 కంటె ముందు 112/10ని పెట్టును. అక్షర క్రమమున ఒకటి రెండునకు ముందు గదా! సర్వే నంబరునకు ఒక గడి, సబ్ డివిజనునకు వేఱొక గడి ఏర్పరచినచో రెండు దోషములును పోవును. ఇది కంప్యూటరు విద్య కాదు, లెక్కల విద్యయే. గడులు ఎట్లు గీయవలెనో పూర్వపు కరణమునకు తెలిసినంతగా ఎవరికిని తెలియదు. అందుచేత పాత ఉద్యోగి తనకేమియు రాదని వెనుదీయరాదు. మీటలు తెలిసిన యువకుడును, గడులు తెలిసిన పెద్దవాడును ప్రక్కప్రక్కన కూర్చుండిన చోట ఈ విద్య త్వరగా అబ్బును. అచ్చట ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అనునది గంటకొకసారి మాఱుచుండును. అందు చిన్నతనమేమియు లేదు.

సహకార సంఘము లెక్కలకు వత్తము. దేశమున 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించు పథకమునకు కేంద్ర మంత్రివర్గము 2022 జూనులో ఆమోదము తెలిపెను. జమాఖర్చుల జంటపద్దు పద్ధతిని ఇటలీలో లూకా పాచియోలి అచ్చువేసినది 1494లో. పల్లె సంఘపు చిట్టా ఆ సూత్రముపైననే నడచుచున్నది. ఒక ఉదాహరణము. సభ్యుడు 60,000 రూపాయల పంటఋణమును నూటికి 7 వంతున 180 దినములు వాడుకొన్నచో వడ్డీ 2,071 రూపాయల 23 పైసలు. నాలుగువందల మంది సభ్యుల వడ్డీని చేతితో కట్టుటకు గుమస్తాకు పలుదినములు పట్టును, యంత్రమునకు రెప్పపాటు. ఇప్పుడు ఋణమిచ్చిన తేదీ జూను 5 అనుకొనుడు. దానిని 5/6 అని కొట్టగా, నెలను ముందు చదువు అలవాటుగల యంత్రము మే 6గా గ్రహించెను. ముప్పది దినములు పెరిగెను. 345 రూపాయల వడ్డీ పెరిగెను. కాగితము శుభ్రముగా నున్నది, కూడిక సరిగా నున్నది, అచ్చు ముత్యములవలె నున్నది. తప్పు మాత్రము రైతు నెత్తిన కూర్చున్నది. చేతివ్రాతలో తప్పు ఒకరికి జరుగును. యంత్రములో తప్పు నాలుగువందల మందికి ఒక్క నిమిషమున జరుగును.

కావున కొత్త పద్ధతిని ప్రవేశపెట్టినపుడు పాతదానిని వెంటనే కట్టకట్టి అటకమీద పెట్టరాదు. కొంతకాలము, వీలైనచో ఒక ఫసలీ నిండునంత వఱకు, రెండును సమానముగా నడపవలెను. నెలకొకసారి మొత్తములను పోల్చవలెను. పదింటిలో ఒక పద్దును ఏరుకొని మూలకాగితముతో సరిచూడవలెను. తేడా కనబడిన ప్రతిసారి ఎవరిది తప్పో గాక, ఎందువలన తప్పో వ్రాసి యుంచవలెను. పూర్వపు అజమాయిషీ, జమాబందీ అనునవి చేసిన పని ఇదియే. పేరు పోయినను ఆ పని పోగూడదు.

మఱి యంత్రమునకు అప్పగింపరాని పని యేది? చేని గట్టున నిలుచుట. శనగ వేసినారో జొన్న వేసినారో, వేసినది మొలచినదో లేదో, మొలచినది పండినదో లేదో నల్లరేగడిలో కాలు పెట్టినవానికే తెలియును. ఫోనుతో ఛాయాచిత్రము తీసి పంటను నమోదు చేయు ఏర్పాటు నేడు గలదు; మేలైనదే. అయినను ఆ ఫోనును పట్టుకొని చేనివఱకు నడచువాడు కావలెను. కౌలుదారు విషయము ఇంకను చిక్కైనది. పట్టాలో పేరొకరిది, నాగలి పట్టిన చేయి మఱియొకరిది. మహాకవి శ్రీనాథుడు చివరి దశలో బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, కృష్ణ పొంగి పైరు కొట్టుకొనిపోగా, ఏడునూఱుల టంకములు చెల్లింపలేక యవమానముల పాలైనట్లు చాటుపద్యము వలన వినుచున్నాము. అతని పేరు ఏ అడంగలులో నుండెను? ఉండినచో మినహాయింపు దొరకెడిదేమో! కవిసార్వభౌమునికే తప్పని బాధ సామాన్యపు కౌలురైతునకు తప్పునా? ఆంధ్రప్రదేశమున పంట సాగుదారు హక్కుల చట్టము 2019లో వచ్చినది. చట్టము గడి గీసినది. ఆ గడిని నింపుటకు భూయజమాని సమ్మతియు, ఉద్యోగి చొరవయు కావలెను. ఖాళీగా నున్న గడిని చూచి యంత్రము ఏమియు అనుకొనదు. మనుష్యుడు అనుకొనవలెను.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ఒక మాట కలదు. ఒక వృద్ధురాలు కచేరీకి వచ్చినదనుకొనుడు. "అవ్వా, కంప్యూటరులో నీ పేరు లేదు" అని గుమస్తా పలుకును. "ల్యాకుంటే ఇన్నేండ్లు ఆ చేను దున్నినోళ్లు ఎవురు నాయనా?" అని ఆమె యడుగును. ఈ ప్రశ్నకు యంత్రము ప్రత్యుత్తరమియ్యదు. పూర్వము కరణము అన్యాయము చేసినచో అన్యాయము చేసినవాడొకడు కంటికి కనబడెడివాడు; అతనిని తిట్టుటకో, బ్రతిమాలుటకో, అర్జీ పెట్టుటకో వీలుండెను. "కంప్యూటరులో అట్లున్నది" అనునపుడు అన్యాయమునకు కర్తయే లేకుండ పోవుచున్నాడు. వ్యాకరణములో కర్మణి ప్రయోగము సొంపుగా నుండవచ్చును గాని కచేరీలో కర్త కనబడవలెను. ఎక్కించినవాడు మనుష్యుడు, సరిచూడనివాడు మనుష్యుడు, దిద్దగలవాడును మనుష్యుడే. యంత్రమును నేర్చిన ఉద్యోగి అలవఱచుకొనవలసిన నడత ఇది: "లేదు" అని చెప్పి ఊరకుండక, "ఎందుకు లేదో చూచెదము, కూర్చుండుము" అనుట. ఆ రెండవ మాట పలుకుటకు తీరిక చిక్కవలెననియే గదా, కూడికలను, తిరుగవ్రాతలను యంత్రమునకు అప్పగించుట! మిగిలిన కాలము ఆ అవ్వకు చెందవలెను.

గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును కాపాడవలెనని చెప్పును. గ్రంథాలయ సిబ్బంది కాలమును గాక పాఠకుని కాలమును గూర్చి ఆయన చెప్పుట గమనింపుడు. కచేరీలలో ప్రవేశించు ప్రతి యంత్రమును ఈ గీటురాతిపై గీచి చూడవలెను. ఈ మార్పు రైతు కాలమును కాపాడుచున్నదా, కచేరీ కాలమును మాత్రమే కాపాడి, రైతును ఒక కిటికీ నుండి మఱియొక కిటికీకి త్రిప్పుచున్నదా? మొదటిదైనచో అది అభివృద్ధి. రెండవదైనచో పాత అరుగునకు కొత్త సున్నము.

ఈ పనిలో గ్రామ గ్రంథాలయము చేయగలిగినది చాల గలదు. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజన విద్యను జోడు గుఱ్ఱములవలె నడపిరి. చదువు రానివానికి చదువు చెప్పని గ్రంథాలయము పుస్తకముల కొట్టుగానే మిగులును. ఆనాటి నిరక్షరాస్యత అక్షరము తెలియకపోవుట. నేటి నిరక్షరాస్యత తన పేరున యంత్రములో ఏమి వ్రాయబడినదో తెలియకపోవుట. సెలవు దినమున ఒక పూట గ్రంథాలయములో అడంగలు చదువుట నేర్పవచ్చును. ఖాతా నంబరన నేమి, 1-బి యన నేమి, విస్తీర్ణము ఎట్లు చదువవలెను, తప్పున్నచో ఎవరికి అర్జీ పెట్టవలెను, అర్జీ రసీదు ఎందుకు దాచుకొనవలెను అను నాలుగు పాఠములు చాలును. పాఠశాల పిల్లలు మీటలు నొక్కుదురు. తాతలు హద్దులు చెప్పుదురు. గ్రంథాలయపు పుస్తకముల జాబితా, ఎరువు పుస్తకము కూడ చిన్న లెక్కలే. యువకులు వానిని గడులలోనికి ఎక్కించి తప్పులు చేసి దిద్దుకొన్నచో, ఎవరి చేనునకును హాని లేకుండ ఈ విద్య అభ్యాసమగును. ఊరి పెద్దల తలలలో మిగిలియున్న హద్దుల సంగతులు, చేల పేర్లు, వాగుల పేర్లు వ్రాయించి భద్రపఱచుట కూడ గ్రంథాలయము పనియే. 1984లో వ్రాయించుకొనక పోగొట్టుకొన్నదానిలో కొంతయైన ఈ తరమున దక్కును.

కవిలెకట్ట పోయినదని వగవనక్కఱలేదు. కంప్యూటరు వచ్చినదని పొంగనక్కఱలేదు. తాటియాకు చెదపట్టును, కాగితము మాయును, యంత్రము పాతబడును. నిలువవలసినది ఒక్కటే. చూచినది వ్రాయుట, వ్రాసినది సరిచూచుట, సరిచూచినది అడిగినవానికి దాపఱికము లేక చూపుట. ఈ మూటిని పాటించువాడు గంటము పట్టినను, కలము పట్టినను, మీటలు నొక్కినను మంచి లెక్కగాడే. ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రామమునకు అక్షరభిక్ష పెట్టిన గ్రంథాలయము, రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో ప్రతి రైతును తన లెక్క తాను చదువుకొనగలవానిగా చేయుగాక!

స్వస్తి.